తొమ్మిదో కుండ కక్కిన నిజం

"చెప్పులు విప్పండి. అడుగు మెల్లగా వెయ్యండి. దగ్గొస్తే బయటికెళ్ళి దగ్గి రండి," అంది పొన్నుత్తాయి, కలకండ గది గుమ్మానికి అడ్డంగా నిలబడి.

అప్పటికి పది గంటలైంది. సరిగ్గా పన్నెండింటికి ఈమెను జీపెక్కించి తీసుకుపోతానని ఎస్సై కుట్రాలింగం నిన్ననే ఊరందరి ముందూ చెప్పేశాడు. ఇంకో మనిషైతే ఈపాటికి గుండెలు బాదుకునేది. ఈవిడకి ఆ బెంగ వీసమెత్తు లేదు. బెంగంతా లోపల వరి ఊకలో పీకల దాకా పూడ్చి, మూతికి గుడ్డ కట్టిన నలభై కుండల మీదే. తాటినీరా కాచి పోసిన పాకం వాటిల్లో ముప్పై ఒక్క రోజులుగా కదలకుండా కూర్చుని, దారాల వెంట కలకండ పలుకులు కడుతోంది. నలభయ్యో రోజు దాకా ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. కుండ కదిలితే పలుకు చెడి ఇసకైపోతుందని పనైవిళై ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

డిటెక్టివ్ తాణుమాలయన్ బుద్ధిగా చెప్పులు విప్పాడు. నాగర్‌కోయిల్ కాలేజీలో ఇరవై రెండేళ్ళు కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరుగా గాజు గొట్టాలు కడిగిన మనిషి. ముట్టుకోవద్దన్నది ముట్టుకోకుండా ఉండటం ఆయనకి అలవాటే. వెనకే ఎస్సై బూట్లు విప్పాడు. కుడికాలి మేజోడులోంచి బొటనవేలు పూర్తిగా బయటికొచ్చి లోకాన్ని చూస్తోంది.

"నవ్వకండి," అన్నాడు ఎస్సై.

"నేను నవ్వడం లేదండీ. వేలే నవ్వుతోంది."

"ష్!" అంది పొన్నుత్తాయి.

జరిగింది ఇదీ. పదమూడు రోజుల కిందట, మధ్యాహ్నం రెండున్నరకి, ఈ కలకండ కొట్టం యజమానురాలు, ఊరంతా 'ఆచ్చి' అంటే అవ్వ అని పిలిచే వళ్ళియమ్మాళ్ పాంబడాలు పోయాయి. అక్కడి ముసలమ్మలు తమ్మెలు భుజాల దాకా సాగేట్టు వేలాడదీసుకునే బరువైన బంగారు చెవినగలు అవి. తమ్మెలకి ఆముదం రాసుకుందామని విప్పి పెట్టెలో పెట్టిన ఆచ్చి, కునుకు తీసి లేచేసరికి పెట్టె బోసిగా ఉంది. ఆవిడ పెట్టిన కేకకి ఎస్సై పావుగంటలో వచ్చి వాలాడు. అంత తొందరగా పోలీసులు రావడం ఆ ఊరి చరిత్రలోనే లేదు. పక్క సందులో కాఫీ తాగుతున్నాడు గనక సరిపోయింది. ఇంట్లో ఉన్నవాళ్ళందర్నీ వెతికించాడు. ఏమీ దొరకలేదు. ఆ రోజు నుంచీ గేటు దగ్గర ఒక కానిస్టేబులు నిలబడి బయటికి పోయే ప్రతి మనిషినీ తడిమి పంపుతున్నాడు.

"నగలు గేటు దాటలేదు," ఎస్సై గుసగుసగా మొదలుపెట్టాడు. "ఇల్లంతా వెతికాం, లేవు. వెతకని చోటు ఈ గది ఒక్కటే. తాళంచెవి ఈవిడ మొలలో ఉంటుంది. ఇంకేం కావాలి? కేసు అయిపోయింది."

"గది ఎందుకు వెతకలేదు?"

"కుండ ముట్టుకుంటే నా శవం మీంచి పోవాలందండీ! మీదపడి వెతుకుదామంటే మా అమ్మ అడ్డం పడింది. ఏటా ఇక్కడి కలకండే కొంటుంది మరి. 'పలుకు చెడిందో, ఇంటికి రాకు' అంది." ఎస్సై మొహం ఎర్రబడింది. అంత కోపాన్ని గుసగుసగా చెప్పాల్సి రావడం ఆయన ప్రాణానికి మహా కష్టంగా ఉంది.

నిజానికి డిటెక్టివుని పిలిపించింది ఆచ్చే. పొద్దున్నే ఆయన చేతిలో ఇంత కలకండ ముక్క పెట్టి, "నాకు చక్కెర జబ్బండీ" అని ఆయన మొత్తుకుంటే, "ఇది చక్కెర కాదు నాయనా, కలకండ" అని నోరు మూయించి, చెప్పాల్సింది ఒక్క మాటలో చెప్పింది. "పాంబడాలు పోతే నా చెవులే బోసిపోతాయి. పొన్నుత్తాయి పోతే ఈ కొట్టమే పోతుంది. పాకం ఏ క్షణాన దించాలో దానికొక్కదానికే తెలుసు. దాన్ని నాకు మిగుల్చు."

తాణుమాలయన్ ఊకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పొన్నుత్తాయమ్మా, ఆ రోజు మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"పొయ్యిల దగ్గర. ఒంటిగంటకి నీరా పొయ్యెక్కిస్తే మూడింటి దాకా పక్కకి చూడ్డానికి లేదయ్యా. చూస్తే మాడుతుంది."

"రోజూ అంతేనా?"

"సీజనంతా అంతే."

"ఈ గదికి ఇంకో తాళంచెవి లేదూ?"

ఆమె కొంచెం తటపటాయించింది. "ఆచ్చి వక్కాకుల పెట్టెలో ఒకటుంది. ఆవిడ దాన్ని ఎప్పుడూ తియ్యదు."

"ఆచ్చి తియ్యదు," అన్నాడు తాణుమాలయన్. "పెట్టె మాత్రం పదిమంది తీస్తారు."

"ఇదిగో, ఈ మాటల గారడీలే వద్దు!" ఎస్సై మళ్ళీ గుసగుసగా అరిచాడు. "గొట్టాలు కడిగినోడు కూడా డిటెక్టివే, పోస్టు కవర్లు అంటించినోడు కూడా డిటెక్టివే!"

"గొట్టం కడిగినవాడికి ఒక లాభం ఉందండీ. అడుగున ఏం మిగిలిందో ముందు వాడికే కనపడుతుంది."

అని ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, మొదటి కుండ పక్కన ఊకలోకి మోచేయి దాకా చెయ్యి దించాడు. ఊక పొడిగా, గోరువెచ్చగా ఉంది. రెండో కుండ దగ్గరా అంతే. మూడు, నాలుగు. ఎస్సై గోడగడియారం చూసి ఆవలించాడు. ఎనిమిది. తొమ్మిదో కుండ దగ్గర పైనంతా పొడే. జానెడు లోపల మాత్రం ఊక తడిసి ముద్దగా ఉంది. డిటెక్టివ్ చెయ్యి బయటికి తీశాడు. ఊకతో పాటు అరచేతికి పసుపుపచ్చటి పొట్టు అంటుకుని వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"రంపపు పొట్టు," అన్నాడు. "ఇక్కడ వడ్రంగి పనేమైనా జరుగుతోందా?"

"ఈ గదిలో ఈగ పని కూడా జరగనివ్వను," అంది పొన్నుత్తాయి. ఆమె ముందుకి వంగింది. "తడేంటి? ఇక్కడ తడేంటయ్యా?"

"కుండని ముట్టుకోను. గుడ్డ మాత్రం విప్పి చూపించు తల్లీ."

ఆమె ముందు ఎనిమిదో కుండ గుడ్డ విప్పి టార్చి వేసింది. తేనె రంగు పాకం తేటగా ఉంది. దారాల వెంట పలుకులు పెద్దపెద్దవిగా మెరుస్తున్నాయి. తరవాత తొమ్మిదోది విప్పింది. లోపల తేటా లేదు, మెరుపూ లేదు. పేరుకున్న నెయ్యిలా అంతా తెల్లగా ఇసకకట్టి ఉంది.

పొన్నుత్తాయి అక్కడే ఊకలో కూలబడిపోయింది. జీపెక్కిస్తామంటే చెమర్చని కళ్ళు ఇప్పుడు ధారలు కట్టాయి. "చంపేశారు! నా కుండని చంపేశారు!" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, చప్పుడు కాకుండా.

తాణుమాలయన్ ఆమె తేరుకునే దాకా ఆగాడు. "ఏం తగిలింది దీనికి?"

"చలి తగిలిందయ్యా," అంది ఆమె ముక్కు తుడుచుకుంటూ. "పాకం వేడి మీద ఎంత తీపైనా మింగుతుంది. చల్లారేకొద్దీ కడుపు చిన్నదవుతుంది. మెల్లగా చల్లారితే మింగింది మెల్లగా కక్కుతుంది, అదే దారానికి పట్టి పలుకై పెరుగుతుంది. ఒక్కసారిగా చలి కొడితే ఒక్కసారే కక్కేస్తుంది. ఇదిగో, ఇట్టా ఇసకైపోతుంది."

"ఐసు," అన్నాడు డిటెక్టివ్. "ఎవడో కుండ చుట్టూ ఊక తవ్వి ఐసు కూరి, పైన మళ్ళీ ఊక కప్పాడు. ఐసు కరిగి నీళ్ళయింది. దానికి చుట్టిన రంపపు పొట్టు మిగిలింది. తడి ఇంకా ఆరలేదంటే ఇది నిన్నటి పని."

"ఈవిడే పెట్టుంటుంది," అన్నాడు ఎస్సై వెంటనే.

"ఎందుకు పెడుతుందండీ? నెల రోజులు పిల్లల్ని సాకినట్టు సాకి, చివరికి గొంతు నులుముతుందా?"

"నాకేం తెలుసు? దొంగలు ఏమైనా చేస్తారు. పదకొండైంది. ఇంకో గంట!"

అప్పుడే వసారాలో గోలీసోడా కొట్టిన చప్పుడు వినపడింది. తాణుమాలయన్ తలెత్తాడు. "ఎవరది?"

"తవసి," అంది పొన్నుత్తాయి. "ఆచ్చి తమ్ముడి కొడుకు. సోడా ఫ్యాక్టరీ ఉంది. ఆచ్చికి కడుపుబ్బరం కదా, రోజూ ఒంటిగంటకి సోడా కొట్టి తాగించి పోతాడు."

"ఇవాళ పదకొండుకే వచ్చాడే!"

"నేను పన్నెండింటికి పోతున్నానుగా. చూసి పోదామని వచ్చుంటాడు పాపం."

తాణుమాలయన్ ఆ 'పాపం' అన్న మాటని మనసులో పెట్టుకుని, చెయ్యి దులుపుకుని వసారాలోకి నడిచాడు.

తవసి నలభై ఏళ్ళ నున్నటి మనిషి. నుదుటిన విభూది, జేబులో దువ్వెన. "రండి అన్నాచ్చీ, సోడా కొట్టమంటారా? మీకు చక్కెర లేకుండా ఉప్పేసి ఇస్తా," అన్నాడు మర్యాదగా. ఉయ్యాల బల్ల మీద ఆచ్చి ఖాళీ తమ్మెలు ఊపుకుంటూ సోడా తాగుతోంది. ఎస్సై వచ్చి ఇంకో కుర్చీలో కూలబడ్డాడు. బయట గట్టిగా మాట్లాడొచ్చని గుర్తొచ్చి, "హమ్మయ్య!" అని ఊరికే ఒక అరుపు అరిచాడు.

"అందరూ ఉన్నారు గనక ఒక చిన్న సాయం చెయ్యండి," అన్నాడు తాణుమాలయన్. "మా ఇంట్లో కలకండ డబ్బాలో నా ఉంగరం పడింది. వానాకాలం చెమ్మకి అంతా ముద్ద కట్టింది. పగలగొడితే ఉంగరం వంగుతుంది. చుట్టూ ఉన్న కలకండ తొందరగా కరగాలంటే ఏం చెయ్యాలి?"

"నోట్లో పెట్టుకుని చప్పరించు," అంది ఆచ్చి.

"ఉంగరం మింగితే మళ్ళీ ఆస్పత్రి ఖర్చు. ఎస్సైగారూ?"

"ఇదేం ప్రశ్నయ్యా! వేణ్ణీళ్ళు పొయ్యి!"

"పొన్నుత్తాయమ్మా?"

"వేణ్ణీళ్ళు పోసి ఊరుకుంటే చాలదు, కలియబెట్టాలి," అందామె అన్యమనస్కంగా. "నీళ్ళు తీపెక్కి చిక్కబడ్డాక ఇంక మింగవు. అవి పారబోసి కొత్త నీళ్ళు పొయ్యాలి."

"తవసిగారూ?"

తవసి చిన్నగా నవ్వాడు. తెలిసినవాడు తెలియనివాళ్ళని చూసి నవ్వే నవ్వు అది. "అన్నాచ్చీ, వీళ్ళ మాట వింటే మీ ఉంగరం సంక్రాంతికి కూడా రాదు. కరగడమంటే చలవ ఉండాలి. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని నాది. వెచ్చటి నీళ్ళలోకి ఎంత గ్యాసు ఎక్కించినా నిలవదు, తన్నుకుని పోతుంది. అదే నీళ్ళలో ఐసు వేసి చూడండి, ఎంత కావాలంటే అంత కరిగి కూర్చుంటుంది. చల్లబడేకొద్దీ నీళ్ళకి ఆకలి ఎక్కువ. చుట్టూ ఐసు కూరండి, ముద్ద మొత్తం..."

ఆగిపోయాడు. ఆచ్చి సోడా సీసాలో గోలీ ఒక్కటే గలగలమంది.

"మీ సోడా గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం," అన్నాడు తాణుమాలయన్. "గ్యాసుకి చల్లటి నీళ్ళే ఇష్టం. చక్కెరకి మాత్రం వేణ్ణీళ్ళు కావాలి. ఈ ఊళ్ళో కలకండని ఐసుతో కరిగించబోయే మనిషి ఒక్కడే ఉంటాడు తవసిగారూ, కలకండ కొట్టంలో పుట్టి సోడా కొట్టంలో చదువుకున్నవాడు."

"నేను ఊరికే మాటవరసకి..."

"గేటు దగ్గరి కానిస్టేబుల్ని పిలవండి," అన్నాడు డిటెక్టివ్ ఎస్సైతో.

కానిస్టేబులు వచ్చి సెల్యూట్ కొట్టాడు.

"నిన్న ఈయన లోపలికి ఏం తెచ్చాడు?"

"గోనెసంచి సార్. అరబస్తా ఐసు. చుట్టూ పొట్టు."

"అరబస్తా!" ఎస్సై లేచి నిలబడ్డాడు. "ఒక ముసలమ్మ సోడాకి అరబస్తా ఐసేంట్రా? నాకెందుకు చెప్పలేదు?"

"బయటికి పోయేవాళ్ళని చూడమన్నారు సార్. లోపలికి వచ్చేవాళ్ళ సంగతి మీరు చెప్పలేదు."

ఎస్సై బొటనవేలిని మేజోడులోకి లాక్కున్నాడు.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పనా?" తాణుమాలయన్ తవసి వైపు తిరిగాడు. "ఒంటిగంటకి సోడా, ఒకటిన్నరకి ఆచ్చి కునుకు. మీరు నగలు తీశారు. గేటు దాటేలోగా ఆచ్చి లేచి కేక పెట్టింది, ఎస్సైగారు కాఫీ వదిలేసి పరిగెత్తుకొచ్చారు. వక్కాకుల పెట్టెలో తాళంచెవి మీకు తెలుసు. నగలు దారానికి కట్టి తొమ్మిదో కుండలో వేలాడదీశారు. నలభై రోజుల దాకా ఎవరూ ముట్టుకోని చోటు అంతకన్నా ఎక్కడ దొరుకుతుంది? పన్నెండింటికి పొన్నుత్తాయమ్మని తీసుకెళ్తే కాపలా లేచిపోతుంది. అందుకే నిన్న తీసి సిద్ధం చేసుకుందామని వెళ్ళారు. చూస్తే నగల మీద కలకండ పెరిగి, పక్క దారాలతో అతుక్కుని, కుండ మూతిలోంచి రావడం లేదు. ఐసు కూరారు. అది కరగడం మానేసి ఇంకా బిగుసుకుపోయింది."

"కుండ పగలగొట్టకుండా ఇదంతా కట్టుకథ!" అరిచాడు తవసి.

అందరూ పొన్నుత్తాయి వైపు చూశారు. ఆమె పెదవి కొరుక్కుంది. తన ప్రాణం నిలిచేది ఆ కుండ పగిలితేనే. అయినా ఒప్పుకోవడానికి ఆమెకి రెండు నిమిషాలు పట్టింది.

"ఎలాగూ చచ్చిందిగా," అంది చివరికి. "నేనే మోసుకొస్తా. ఇంకెవరూ ముట్టుకోకండి."

పదకొండూ నలభైకి వసారాలో గుడ్డ పరిచి, కొబ్బరికాయ కొట్టినంత ఒడుపుగా ఆమె కుండ పగలగొట్టింది. ఇసకకట్టిన పాకం మధ్య, దారానికి నిమ్మకాయంత ముద్ద ఒకటి. డిటెక్టివ్ దాన్ని వేణ్ణీళ్ళ గిన్నెలో వేసి గరిటెతో కలియబెట్టాడు. నీళ్ళు చిక్కబడ్డాయి. పారబోసి కొత్తవి పోశాడు. రెండోసారికి పచ్చటి మెరుపు కనపడింది. మూడోసారికి రెండు పాంబడాలు గిన్నె అడుగున టంగుమన్నాయి.

"అవే! నావే!" ఆచ్చి ఉయ్యాల దిగి పరిగెత్తుకొచ్చి, తడి తుడవకుండానే తమ్మెలకి తగిలించేసుకుంది. తవసి గోడకి ఆనుకుని జారిపోయాడు. కానిస్టేబులు వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు, ఎవరూ చెప్పకుండానే. పొన్నుత్తాయి రెండు చేతులూ ఎత్తి డిటెక్టివుకి దండం పెట్టింది. తాణుమాలయన్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. ఇరవై రెండేళ్ళు గొట్టాలు కడిగినందుకు ఇవాళ్టికి ఫలితం దక్కిందనుకున్నాడు.

ఎస్సైకి మాత్రం కడుపు మండిపోతోంది. ఏదో ఒకటి చెయ్యాలి గనక, పగిలిన కుండ అడుగు పెంకుకి అంటుకున్న పెద్ద కలకండ గడ్డ ఊడబెరికి, "ఇది సాక్ష్యం," అని ప్రకటించి, సాక్ష్యాన్ని ఒక మూల కొరికాడు.

కటుక్కుమంది.

"అమ్మా! నా పన్ను!" ఎస్సై దవడ పట్టుకున్నాడు. గడ్డ చేతిలోంచి జారి నేలమీద పడింది. కొరికిన మూల నుంచి బంగారం తొంగిచూస్తోంది.

తాణుమాలయన్ వంగి గడ్డ తీసుకున్నాడు. వేణ్ణీళ్ళు ఒక మూల మీద మాత్రం పోశాడు. ఇంకో జత పాంబడాలు. ఎడమదానికి చిన్న సొట్ట.

ఆచ్చి చెయ్యి చెవి దగ్గరే ఆగిపోయింది. "ఆ సొట్ట నేను పెట్టిందే," అంది. "చిన్నప్పుడు పోట్లాడి రోకలితో కొట్టాను. అవి మా అక్క మాడత్తివి." సొట్ట మీద వేలు పెట్టింది. "ఆరేళ్ళ కిందట తిరుచెందూరు సముద్రంలో తానానికి దిగి మునిగిపోయిందన్నారు. శవం కూడా దొరకలేదు. ఆ రోజు అవి దాని చెవులకే ఉన్నాయి."

"నాకు తెలీదు! అత్త తోడు, ఇవి నేను పెట్టలేదు!" తవసి కూర్చున్నచోటు నుంచే అరిచాడు. ఈసారి ఆ గొంతులో అబద్ధం లేదు.

తాణుమాలయన్ గడ్డని తిప్పి చూశాడు. ఆచ్చి నగల మీద పెరిగినవి కందిబద్దలంత పలుకులు. వీటి మీదవి బొటనవేలంత ఉన్నాయి.

"పొన్నుత్తాయమ్మా, ఈ పలుకు ఎన్నాళ్ళది?"

"ఆవిణ్ణి అడుగుతావేంటయ్యా!" అన్నాడు ఎస్సై దవడ పట్టుకునే. పంటినొప్పి మధ్యలోనే ఆయన కళ్ళు మళ్ళీ వెలుగుతున్నాయి.

"ఆ సంగతి చెప్పగలిగింది ఇక్కడ ఈవిడొక్కతే."

పొన్నుత్తాయి గడ్డ అందుకుంది. పదమూడు అని చెప్పు తల్లీ, అని తాణుమాలయన్ మనసులో అనుకున్నాడు. పదమూడంటే అది తవసి మీదికి పోతుంది, ఇక్కడ కాదనగలిగేవాడు ఒక్కడూ లేడు. ఆమె గడ్డని వెలుతురుకి ఎత్తింది. అంచు వెంట గోరు పోనిచ్చింది. ఒకసారి ఆచ్చి మొహం వైపు చూసి, మళ్ళీ పలుకు వైపే చూసింది.

"ముప్పై ఒకటి," అంది. "పలుకు వయసు అబద్ధం చెప్పలేనయ్యా. పాకం పోసిన రోజు నుంచీ పెరిగింది."

"ఆ రోజు పోసిందెవరు?"

"గాలి తగలకుండా తలుపేసుకున్నాను," అంది పొన్నుత్తాయి. "నేనొక్కదాన్నే పోశాను."